ఆఫ్ అన్న ఒక్క మాట

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఈయన పొద్దున్నించీ ఆఫ్ నాన్నా" అంది. నేను బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్నాను. చెంబు పక్కన పెట్టి, దొరికిన కుర్చీలో కూర్చుండిపోయాను. ఇంతలో వెనకనించి అల్లుడుగారి గొంతు, టీలో పంచదార ఎక్కువైందని ఏదో సణుగుతూ వినిపించింది. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు. విషయమేమిటంటే రాత్రి క్రికెట్‌లో మనవాళ్ళు ఓడిపోయారు, ఆయనగారు మొహం ముడుచుకుని కూర్చున్నారు, అంతే. "అలా అనకమ్మా, అలిగాడను, దిగాలుగా ఉన్నాడను, తెలుగులో మాటలకేం కరువు" అన్నాను. "రిటైరయ్యాక తెలుగు మాస్టారివయ్యావా నాన్నా" అని నవ్వి పెట్టేసింది. నేను తెలుగు మాస్టారిని కాలేదు. సూరత్‌లో ఉండి వచ్చాను, అంతే. ఆ ఒక్క మాట వింటే నాకెందుకలా అవుతుందో అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి అది, ఫోన్‌లో అయ్యే పని కాదు.

మాది కాకినాడ పక్క. బ్యాంకు ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు నన్ను సూరత్ పంపించారు. ఇల్లు తాపీ నదికి ఇవతల అడాజన్‌లో, బ్రాంచి ఇచ్ఛాపూర్‌లో. సామాను దించిన రోజు, సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి నేనెవరినో, ఏ ఫ్లాటులోకి వచ్చానో నాకొచ్చిన హిందీలో వివరించబోతుంటే ఆయన చెయ్యి ఊపి "చాలే, చాలే" అన్నాడు. కొత్త ఊళ్ళో కాలు పెట్టగానే ఒకడు మొహం మీద చాల్లే ఆపమన్నాడని మనసు చివుక్కుమంది. గుజరాతీలో చాలే అంటే ఫర్వాలేదు, నడుస్తుంది అని అర్థమట. అది తెలిసేలోపు కూరగాయలవాడూ, పాలవాడూ, ఆఖరికి మా బ్రాంచి అటెండరూ కూడా నన్ను చాల్లే పొమ్మంటున్నారని లోలోపల కుమిలిపోయాను. ఇంకోసారి క్యాషియర్ పరుగున వచ్చి "సాహెబ్, లోచో థయీ గయో" అన్నాడు. లోచో అంటే అక్కడ శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, పైన నూనె, మసాలా చల్లి పెట్టే మెత్తటి ఫలహారం. పాపం నా కోసం తెప్పించాడనుకుని వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను. చూస్తే కంప్యూటర్లు ఆగిపోయి, జనం కౌంటరు మీదికి ఎగబడుతున్నారు. లోచో అంటే గందరగోళం అని కూడా అర్థమని ఆ రోజు తడి చేతులతో నిలబడి తెలుసుకున్నాను. ఇక తిట్ల సంగతి చెప్పక్కర్లేదు. మేము వాక్యం చివర ‘అండీ’ పెట్టినంత మామూలుగా సూరత్‌వాళ్ళు మధ్యలో ఒక తిట్టు పెడతారు. అందులో కోపమేమీ ఉండదు. మా గోదావరి జిల్లా చెవులకు అది అలవాటు కావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఇన్ని తికమకల మధ్య నాకు ఒడ్డు దొరికినట్టు దొరికింది బ్రాంచి వెనక వీధిలోని తెలుగు మెస్సు. బోర్డు లేదు, రేకుల షెడ్డు, రెండు పొడుగాటి బల్లలు. కరీంనగర్ వైపు నించి మగ్గాల మీద పనికొచ్చిన మగవాళ్ళందరూ అక్కడే తినేవారు. దాన్ని నడిపేది ఒక జంట. ఆయన్ని అందరూ అన్న అనేవారు, ఆమెను అక్క. అన్న వయసులో ఉన్నప్పుడు మగ్గాల మీద పనిచేసినవాడే. ఆ చప్పుడు మధ్య ఏళ్ళ తరబడి నిలబడేసరికి చెవులు మందగించాయి. తనకు వినపడదు కనక ఎదుటివాళ్ళకీ వినపడదనుకుంటాడో ఏమో, ఆయన "సారూ, జర మజ్జిగ పోసుకో" అంటే వీధి చివర ఆటోవాడు తిరిగి చూసేవాడు. నేను వాళ్ళని అన్నగారూ, అక్కగారూ అనేవాణ్ణి. అలా పిలిచినప్పుడల్లా బల్ల చుట్టూ నవ్వులు. అక్క మాత్రం నన్ను మొదటి రోజు నించీ నువ్వు అనే అంది. బ్యాంకు ఆఫీసరుని పట్టుకుని నువ్వంటుందేమిటా అని కొంచెం గుచ్చుకుంది. తర్వాత గమనిస్తే ఆవిడ మీరు అనేది రేషన్ ఆఫీసువాళ్ళనీ, ఇంటి ఓనర్నీ, అంటే తనకు నచ్చనివాళ్ళని. అప్పటినించీ పొరపాటున ఎప్పుడైనా మీరంటుందేమోనని భయపడుతూ తిన్నాను.

తెలుగు మెస్సంటే తెలుగులోనే మాట్లాడుకోవచ్చు కదా అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. మొదటి మధ్యాహ్నం అక్క వచ్చి "సారు, దూపైతుందా?" అని అడిగింది. "వద్దండీ, ధూపం నాకు పడదు, తుమ్ములొస్తాయి" అన్నాను. బల్ల మీద ఒక్కడూ అన్నం మింగలేదు, అందరికీ పొలమారింది. దూపంటే దాహమట. ఇంకో రోజు గిన్నె అడుగు కనిపిస్తుంటే మర్యాదగా "పెరుగు నిండుకుందా అక్కగారూ" అన్నాను. ఆవిడ గిన్నె వంచి చూపించి, "ఏడ నిండిందయ్యా, ఖాలీ అయింది" అంది. మా వైపు ఇంట్లో సరుకు అయిపోతే అయిపోయిందనరు, నిండుకుందంటారని చెబితే ఆవిడకది ఎంత నచ్చిందో. "ఖాలీ డబ్బాను పట్టుకొని నిండిందంటరా? మంచిగున్నది" అని రెండు మూడు సార్లు తనలో తాను అనుకుంది. వాళ్ళ ముచ్చట వేరు, మా ముచ్చట వేరు. ఎవరో "సారుతోని ఒక ముచ్చటున్నది" అంటే ఏదో సరదా విషయమనుకుని నవ్వు మొహం పెట్టుకుని వెళ్ళాను. తీరా అది వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చిన సంగతి. నా మాటలు వాళ్ళకీ అంతే. మేనేజరుని కాకా పట్టడం నా వల్ల కాదని ఒకసారి అన్నాను. ఆ ఊళ్ళో పెద్ద వయసు మగవాళ్ళందరూ కాకాలే కదా. "మేనేజర్ కాకాను ఎందుకు పట్టుడు సారు, ఏం జేసిండు?" అని అన్న గట్టిగా అడిగాడు. మేనేజరు ఆ వీధిలోనే పోతున్నాడు. ఆయనకు తెలుగు రాకపోవడం నా అదృష్టం.

ఇలా ఉండగా లాక్‌డౌన్ వచ్చింది. నా భార్య బంధువుల పెళ్ళికని కాకినాడ వెళ్ళి అక్కడే ఆగిపోయింది. బ్యాంకులు మూయలేదు కనక నేను పాసు జేబులో పెట్టుకుని, ఖాళీ రోడ్ల మీద స్కూటరేసుకుని ఇచ్ఛాపూర్ వెళ్ళొస్తుండేవాణ్ణి. ఎవరూ ఎవరికీ చెయ్యివ్వని ఆ రోజుల్లో కూడా పాలవాడు మాకు చెయ్యిచ్చాడు. ఆయన ఊరెళ్ళిపోతే, మా సొసైటీలో పాల ప్యాకెట్లు పంచే పని ఒక పెద్దాయన నెత్తిన వేసుకున్నారు. అందరూ కాకా అనేవారు. పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పాల ప్యాకెట్లు సబ్బు నీళ్ళలో ముంచి తీసి ఇచ్చేవారు. కూరగాయల బండి వస్తే ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడాలో సుద్దముక్కతో గీసిన గీతలు కూడా ఆయనవే. ఒక ఉదయం సొసైటీ సెక్రటరీ ఇంటర్‌కామ్‌లో "ఆపణా కాకా ఆఫ్ థయీ గయా" అన్నాడు. మన కాకా ఆఫ్ అయ్యారు, అంటే డ్యూటీ దిగారని కదా నేను అనుకుంటాను. "మంచిదేనండీ, పాపం ఇన్నాళ్ళూ తీరిక లేకుండా చేశారు, ఇప్పుడైనా ఆయన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి" అన్నాను హిందీలో. అవతల ఆయన సన్నగా, "హా సాహెబ్, హవే ఆరామ్ జ ఛే" అన్నాడు. ఇక విశ్రాంతేనండీ అని. గొంతు అలా ఉందేమిటా అనుకున్నాను గానీ పట్టించుకోలేదు. కిందికి దిగాక, కాకా మళ్ళీ డ్యూటీకి ఎప్పుడొస్తారని వాచ్‌మన్‌ని అడిగాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, పైకి చూశాడు. కుర్చీ గోడకి ఆనించి ఉంది.

ఆఫ్ అయిపోయారంటే గుజరాతీలో చనిపోయారని. పెద్దా చిన్నా అందరూ అలాగే అంటారట. సెక్రటరీకి నేను చెప్పిన మాట మాత్రం ఎక్కడా తప్పులేని పరామర్శగా కుదిరిపోయింది. నెల తర్వాత కూడా ఆయన, ఆ రోజు మీరన్న మాట కాకా వాళ్ళ ఇంట్లోవాళ్ళకి చెప్పాను, చాలా ఊరట పడ్డారని నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. నిజం చెప్పడం ఇంకా తెలియలేదు.

ఆ సంగతి మెస్సులో చెప్పాను. మెస్సు పేరుకి మూసేశారు గానీ, ఊరు పోలేక మిగిలిపోయినవాళ్ళకి అక్క వండుతూనే ఉండేది. నేనూ ఆ మిగిలినవాళ్ళలో ఒకణ్ణి. దూరం దూరంగా గోడల వెంట కూర్చుని తినేవాళ్ళం. నేను చెప్పింది విని ఒకతను మెల్లిగా, మా దిక్కు టపా కట్టిండంటరు సారు అన్నాడు. మా వైపూ అంతేనన్నాను. బాల్చీ తన్నేశాడు అంటారని ఇంకొకటి చేర్చాను. ఖతమైండు, టికెట్ తెగింది, గుటుక్కుమన్నడు, దుకాణం బంద్ అని తలా ఒకటి. తన్నితే చావడానికి ఆ బాల్చీలో ఏముండేదని ఒకరు అడిగారు. టపా ఎక్కడికి కట్టి పంపుతారు, అడ్రసు ఎవరు రాస్తారని ఇంకొకరు. అన్నకి సగం వినపడక, ఎవరి దుకాణం బంద్ అయిందని అందరికన్నా గట్టిగా అడిగాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ షెడ్డులో నవ్వు వినిపించింది. భయం వేసే ఒక్క మాటను దాటడానికి మనుషులు ఇన్ని దొడ్డిదారులు వేసుకున్నారే అని నాకు అప్పుడే అనిపించింది. అక్క మాత్రం నవ్వలేదు. గంటె గిన్నెలో వదిలేసి వచ్చి, "తినేకాడ గవేం మాటలు? నా ఇంట్ల గా మాట ఎవ్వరు అనొద్దు. నవ్వుకుంట గూడ అనొద్దు" అంది. అందరం తలలు దించుకుని తిన్నాం. ఆనాటి నించి ఆ షెడ్డులో ఎవరు పోయిన కబురు వచ్చినా, ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

మరుసటి ఏడాది వేసవిలో రెండోసారి కరోనా వచ్చింది చూడండి, అది మొదటిదానిలా కాదు. మా వీధిలో అంబులెన్సు చప్పుడు ఆగేది కాదు. ఆ రోజుల్లోనే అన్నకి దగ్గు మొదలైంది, తర్వాత జ్వరం, తర్వాత ఆయాసం. నా స్కూటరు మీద కుదరక ఒక ఆటోవాణ్ణి బతిమాలి, ఊరంతా తిరిగి, చివరికి ఒక ఆసుపత్రిలో మంచం దొరికించుకున్నాం. లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. రోగి దగ్గర ఫోన్ ఉంచవచ్చు, అంతే. హిందీ, ఇంగ్లీషు వచ్చినవాణ్ణని వాళ్ళు అడిగిన నంబరు నాదిచ్చాను. గేటు దగ్గర విడిచిపెట్టేటప్పుడు అన్న, ఆక్సిజన్ మాస్కు తీసి మరీ, "సారూ, నేను మంచిగున్న, నువ్వు దాన్ని ఫికర్ చెయ్యొద్దను" అని అరిచాడు. ఆ గేటు దగ్గర నిలబడ్డ అందరికీ ఆయన బాగున్నాడని తెలిసిపోయింది, పక్కన నిలబడ్డ భార్యతో సహా. నర్సు మాస్కు మళ్ళీ పెట్టింది.

రోజూ పొద్దున్నే ఆయన అక్కకి ఫోన్ చేసేవాడు. ఆయన మాట్లాడితే మెస్సంతా వినిపించేది. తిన్నావా, తిన్నా, పడుకున్నావా, పడుకున్నా, అంతే మాటలు. ఒక రోజు ఫోన్ రాలేదు. నేను మధ్యాహ్నం అన్నం కోసం వెళ్ళేసరికి అక్క పొయ్యి దగ్గర ఉంది. మెస్సులో ఇంకెవరూ లేరు. "ఫోన్ ఎత్తుతలేడు సారు. ఎన్నిసార్లు చేసిన్నో. జర నువ్వు దవాఖానకు చెయ్యి" అంది. షెడ్డులో నా ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందదని బయటికి వచ్చి, వార్డు నంబరుకి చేశాను. చాలాసేపటికి ఎవరో అబ్బాయి ఎత్తాడు. వెనక గోల, మిషన్ల చప్పుడు. చివరి మంచం మీద తెలుగు కాకా ఉన్నారే, పొద్దున్నించీ ఫోన్‌కి పలకడం లేదు అని హిందీలో అడిగాను. ఆ అబ్బాయి గుజరాతీలో, హడావుడిగా, "ఎ కాకానో తో సవార్‌నో ఆఫ్ థయీ గయో ఛే" అన్నాడు. సవార్ అంటే పొద్దున్న అని నాకు తెలుసు. ఏమిటి అంటే మళ్ళీ అదే అన్నాడు. ఆఫ్ థయీ గయో. ఇంకో ఫోన్ మోగుతోందని పెట్టేశాడు.

రోడ్డు మీద ఎండ తెల్లగా ఉంది. ఎదురుగా మూసేసిన టీ బండి మీద కాకి వాలి ఉంది. ఆ బండినే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. బ్యాంకులో చనిపోయినవాళ్ళ ఖాతాల పని నేనే చూసేవాణ్ణి. వాళ్ళ ఇంటివాళ్ళతో ఎలా మాట్లాడాలో నాకు బాగా తెలుసని అందరూ అనేవారు. వాళ్ళకి ఆ కబురు అప్పటికే ఎవరో చెప్పి ఉండేవారని, చెప్పే పని నాది ఎన్నడూ కాలేదని నాకు ఆ రోడ్డు మీద తెలిసింది. మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

"అక్కగారూ, మీరు కాస్త కూర్చోండి" అన్నాను.

"కూసుంటే పప్పు అడుగంటుతది. చెప్పు సారు."

"అన్నగారు వెళ్ళిపోయారండీ."

"యాడికి పోయిండు? ఇడిసిపెట్టిన్రా? గీ ఎండల ఒక్కడే ఎట్లొస్తడు, ఆటోలు గూడ లేకపాయె" అంది, నా వైపు తిరక్కుండానే.

"అది కాదండీ. ఆయన అక్కడ... ఆయన ఇక లేరు."

"వార్డుల లేడా? ఛాతికి ఫొటో తీస్తరంట గద, కిందికి తీస్కపోయిన్రేమో. మొన్న గూడ గట్లనే తీస్కపోయిన్రు."

వెళ్ళిపోయారు అన్నాను, లేరు అన్నాను. మా ఊళ్ళో ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి నేను ఆ గొంతుతో అన్నా వీధంతా గుమిగూడేది. ఇక్కడ అవి ఎక్కడికో పోవడం, ఎక్కడో లేకపోవడంగానే మిగిలిపోతున్నాయి. ఇంకేం మాట ఉంది అని వెతుక్కున్నాను. మెస్సులో మేం నవ్వుకున్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటీ మనవాడనుకున్న మనిషి మీద వాడేది కాదు. మిగిలింది చనిపోయారు అనే ఒక్క మాట. అది అనడానికి నోరు తెరిచాను. ఆవిడ నా చేతిలో గంటె పెట్టి, "జర కలుపు సారు, నేను మిరపకాయలు తుంచుత" అని పక్కకి వెళ్ళి, గోడ వైపు తిరిగి పీట మీద కూర్చుంది. నేను పప్పు కలుపుతూ నిలబడ్డాను. ఆవిరి కళ్ళద్దాల మీదికి వచ్చి ఏమీ కనిపించడం లేదు. అది ఒకందుకు మంచిదే అయింది. వెనక మిరపకాయల తొడిమలు తుంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒకసారి లేచి వచ్చి, గిన్నెలో ఉప్పు వేసి వెళ్ళింది. అంతకుముందే వేసి ఉన్నట్టు గుర్తు, కానీ నేను ఏమీ అనలేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆసుపత్రివాళ్ళే అనుకున్నాను, శవాన్ని గురించి ఏమైనా చెబుతారని. ఎత్తలేదు. "ఎత్తు సారు" అంది అక్క, గోడ వైపు తిరిగే. ఎత్తాను.

"సారూ" అని అరుపు. షెడ్డు రేకులు అదిరాయి. సిగ్నల్ లేదనుకున్న చోట ఆ గొంతు అందినట్టు ఏదీ అందదు. "నా ఫోన్ ఆఫైంది సారూ. చార్జర్ ఖరాబైంది. పక్క మంచపాయనది అడుక్కొని చేస్తున్న. ఈడ కాయితం మీద నీ నంబరే ఉన్నది. మా ఇంట్ల జర చెప్పు, ఫికర్ జేస్తది."

ఫోన్ అక్క చేతికిచ్చాను. ఆవిడ దాన్ని చెవికి కొంచెం దూరంగా పట్టుకుంది, ఆయనతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ పట్టుకున్నట్టే. "తిన్నవా?" అని అడిగింది. తిన్నానన్నాడు. "ఏం పెట్టిన్రు?" కిచిడీ అన్నాడు. "సరే, ఎక్కువ మాట్లాడకు, దమ్మొస్తది. పరాయోళ్ళ ఫోను, ఇచ్చెయ్యి" అని నాకు తిరిగి ఇచ్చేసింది. మిరపకాయలు కడగాలని గిన్నె పట్టుకుని వెనక పంపు దగ్గరికి వెళ్ళింది. పంపు నీళ్ళు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. అన్ని నీళ్ళు పట్టేటన్ని మిరపకాయలు కావవి.

కాకానో అన్నాడు ఆ అబ్బాయి. అంటే కాకాగారిది అని, ఫోనని. కాకా అని ఉంటే ఒక అర్థం, కాకానో అంటే ఇంకో అర్థం. ఆ చివర ఉన్న చిన్న అక్షరాన్ని నేను వినలేదు. ఏడాది కిందట ఆ మాట తెలియక మనిషి పోతే సెలవనుకున్నాను. ఇప్పుడు తెలిసి, ఫోన్ ఆరిపోతే మనిషి పోయాడనుకున్నాను. ఆ మధ్యాహ్నం పప్పు నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉంది. ఇంకో ఇద్దరు వచ్చి తిన్నారు. వాళ్ళూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. మజ్జిగ పోసుకుని తినేశాం.

అన్న ఇంటికి వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు, గొంతు మాత్రం చిక్కలేదు. మెస్సు మళ్ళీ తెరిచారు. ఊరికి పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. నా భార్య సూరత్ వచ్చి, చాలే అనడం నా కన్నా తొందరగా నేర్చుకుంది. ఒక ఆదివారం మేమిద్దరం ఆ దంపతులను డుమస్ బీచికి తీసుకెళ్ళాం. టమాటా బజ్జీలు తింటూ అన్న సముద్రం మీదికి పోటీగా అరిచి మాట్లాడాడు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ అంచు వెంట నడిచింది. ఆ మధ్యాహ్నం గురించి మాలో ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆవిడకు ఏమీ తెలియదు కదా, తెలియనిదాన్ని ఎందుకు కదపడం అనుకున్నాను నేను. నా భాష ఆవిడకి అర్థం కాకపోవడమే ఆ రోజు ఆవిణ్ణి కాపాడిందని లోలోపల సంతోషించేవాణ్ణి కూడా.

రిటైరై వచ్చేసే ముందు చివరిసారి మెస్సుకి భోజనానికి వెళ్ళాను. అన్న బయట ఎవరితోనో బియ్యం బస్తాల గురించి మాట్లాడుతున్నాడు, ఆ మాటలు మాకు వద్దన్నా వినిపిస్తున్నాయి. అక్క పప్పు వడ్డిస్తూ, "ఇయ్యాల ఉప్పు సరిపోయిందా సారు?" అంది. సరిపోయిందన్నాను. "ఆనాడు ఎక్కువైంది" అంది. నేను తల ఎత్తాను.

"నువ్వు బయటికెళ్ళి లోపటికొచ్చినప్పుడే నాకు సమజైంది సారు. నీ మొఖం జూస్తేనే ఎర్కైంది. నువ్వు మంచిగనే చెప్పినవు. పోయిండన్నవు, లేడన్నవు. మా దిక్కు గూడ గట్లనే అంటరు."

"మరి మీరు నన్ను గట్టిగా అడగలేదేమండీ?"

"అడిగితె చెప్తుంటివి" అంది. గిన్నెలో గంటె ఒకసారి తిప్పింది. "నువ్వు నోరు ఇడిసి చెప్పెదాంక నాకు జర టైముండె సారు. గందుకే నీ చేతుల గంటె పెట్టిన."

నేను అన్నం కలుపుకున్నాను. బయట అన్న గొంతు బస్తాకి ఇంత తరుగేమిటని ఎవరితోనో పోట్లాడుతోంది. ఆవిడ అటు చెవి పెట్టి, విసుగ్గా తల ఊపి, "ఎన్నిసార్లు చెప్పిన్నో, మెల్లగ మాట్లాడుమని" అంది. కానీ లేచి వెళ్ళి ఆపలేదు.

కాకినాడ వచ్చాక ఇక్కడ నాకు పనులేమీ లేవు, రోజులు మెత్తగా దొర్లిపోతుంటాయి, ఏ వారం ఏ వారమో తెలియదు. కానీ గంటె పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా పూర్తిగా గడవలేదు. కాలమంటే గడిచిపోయేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను, ఒక మనిషి దాన్ని చేత్తో పట్టి ఆపి ఉంచగా చూసింది ఆ ఒక్కసారే.